బోరుకొచ్చిన ఇంజిను

వేసవిలో తుంగభద్ర ఎడమ కాలువ కట్టేశాక రాయచూరు జిల్లా బాళగనూరు, సింధనూరు ప్రాంతంలో పొలాల్లో పని తగ్గి మెకానిక్ షెడ్లలో పెరుగుతుంది. దమ్ములో బురద తొక్కి, ధాన్యం ట్రాలీలు లాగి నలిగిన ట్రాక్టర్లు అప్పుడే రిపేరుకు వస్తాయి. ఒకటి నీలిపొగ వదులుతుంటుంది. ఒకటి పొద్దున్నే తోస్తే గాని స్టార్టవదు. ఇంకొకటి డీజిలుతో పాటు ఇంజిన్ ఆయిలునీ తాగేస్తుంటుంది. మెకానిక్కు బ్రీదరు గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టి, లోపలి నుంచి తన్నుకొచ్చే పొగ చూసి, డిప్‌స్టిక్కు లాగి చూసి తేల్చేస్తాడు: ఇంజిను బోరుకొచ్చింది. అంటే సిలిండర్ల లోపలి గోడలు అరిగిపోయాయి.

అక్కడి నుంచి మొదలయ్యే పనికి ఓ వరస ఉంది. హెడ్డు విప్పాలి, పిస్టన్లు బయటికి తీయాలి, సిలిండర్లు కొలవాలి. బోరింగు చేయించాలి, లేదా సిలిండరు గోడలుగా పనిచేసే ఇనుప గొట్టాలు, అంటే స్లీవులు, కొత్తవి దింపాలి. క్రాంకును గ్రైండింగుకు పంపాలి, వాల్వులు సీటింగు చెయ్యాలి, అన్నిటినీ కొలతలు చూసుకుంటూ మళ్లీ కట్టాలి. ఎనభై తొంభై ఏళ్ల కిందట అమెరికాలో కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డు కార్లను విప్పి పరుగు బళ్లుగా మార్చుకున్నప్పుడు చేసిందీ ఇదే పని. ఆ బళ్లనే హాట్ రాడ్లంటారు. వాళ్లకు కావలసింది వేగం, ఇక్కడి రైతుకు కావలసింది లాగుడు. కట్టిన ఇంజిను పదేళ్లు నడవాలా, ఏడాదికే షెడ్డు ముఖం చూడాలా అన్నది మాత్రం రెండు చోట్లా మిల్లీమీటరులో నూరో వంతు దగ్గరే తేలుతుంది.

ఒకే ఇంటి ఇంజిన్లు

హాట్ రాడ్ల చరిత్రలో మొదటి పెద్ద ఇంజిను 1932లో ఫోర్డు కంపెనీ తెచ్చిన వి-8. ఎనిమిది సిలిండర్లను ఒకే ఇనుప బ్లాకుగా పోతపోసి, మామూలు సంసారి కొనగల కారులో పెట్టడం అప్పటికి కొత్త. 3.6 లీటర్ల ఆ ఇంజిను 65 హార్స్ పవర్ ఇచ్చేది. కొన్నేళ్లకు ఆ కార్లు సెకండ్ హ్యాండులో చవగ్గా దొరకసాగాయి. కుర్రాళ్లు వాటి మడ్‌గార్డులు, బానెట్లు పీకి బరువు తగ్గించారు. మొహావీ ఎడారిలో ఎండిపోయిన చెరువుల అడుగున వాటిని పరుగులు పెట్టించారు. ఆ పరుగులకు నియమాలూ కాలపు లెక్కా పెట్టడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పుట్టింది. 1948 జనవరిలో ‘హాట్ రాడ్’ పత్రిక మొదలైంది. మరుసటి ఏడాది బోనవిల్ ఉప్పు మైదానంలో స్పీడ్ వీక్ జరిగింది.

ఈ కథకూ ట్రాక్టరుకూ చుట్టరికం 1939లో కలిసింది. ఆ ఏడాది ఫోర్డు వాళ్లు మెర్క్యురీ కారు తెచ్చారు. దాని వి-8 ఇంజినుకు బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 81 మి.మీ., స్ట్రోకు (పిస్టను పైనుంచి కిందికి కదిలే దూరం) 95 మి.మీ. అదే ఏడాది ఐర్లండుకు చెందిన ఇంజినీరు హ్యారీ ఫెర్గూసన్‌తో కలిసి 9ఎన్ అనే ట్రాక్టరును మార్కెట్లోకి దించారు. దానికి నాలుగు సిలిండర్లు, బోరూ స్ట్రోకూ సరిగ్గా అవే. అంటే ఆ వి-8లో సగం తీసి పొలంలో పెట్టినట్టు లెక్క. 1950 ప్రాంతంలో కాన్సస్ రాష్ట్రంలోని కాఫీవిల్‌లో ఫంక్ సోదరులు ఈ వరసలోని 8ఎన్ ట్రాక్టర్లకు పూర్తి వి-8 ఇంజిన్లే ఎక్కించి అమ్మారు.

9ఎన్ వెనక ఉన్న అసలు విశేషం ఫెర్గూసన్ రూపొందించిన మూడు పాయింట్ల లింకేజి. పనిముట్టును వెనక తగిలించి హైడ్రాలిక్కుతో ఎత్తి దించే ఆ ఏర్పాటే ఇవాళ బాళగనూరు పొలంలో రోటవేటరును మోసే ట్రాక్టరు వెనకా ఉంది. ఫోర్డుతో పొత్తు చెడే నాటికే ఫెర్గూసన్ ఇంగ్లండులో సొంత ట్రాక్టరు కట్టించాడు. 1953లో ఆయన కంపెనీ మ్యాసీ హ్యారిస్‌తో కలిసిపోయింది. అలా పుట్టిన మ్యాసీ ఫెర్గూసన్‌తో మద్రాసులోని అమాల్గమేషన్స్ గ్రూపు చేయి కలిపి 1960లో టాఫే కంపెనీ పెట్టింది. అదే గ్రూపులోని సింప్సన్ కంపెనీ ఇంగ్లండు వారి పర్కిన్స్ డీజిల్ ఇంజిన్లను మద్రాసులోనే తయారు చేసింది. తెలుగు నేల మీదా తుంగభద్ర ఆయకట్టులోనూ ‘మ్యాసీ’ అన్న మాట ఇంటి పేరులా స్థిరపడడం వెనక ఇంత ప్రయాణం ఉంది.

ఆయకట్టు కథ కూడా ఆ కాలానిదే. తుంగభద్ర ఆనకట్ట నుంచి 1953లో నీళ్లు వదిలారు. అప్పటికి రాయచూరు జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. 1956 నవంబరు 1న అది మైసూరు రాష్ట్రంలో కలిసింది. రెండొందల ఇరవై కిలోమీటర్లకు పైగా సాగే ఎడమ కాలువ కింద, మెట్ట పంటల నల్లరేగడిలో వరి పండించడానికి కోస్తా జిల్లాల నుంచి రైతులు తరలివచ్చారు. గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి తాలూకాల్లో వాళ్లు వేసుకున్న ఊళ్లకు ఇప్పటికీ ‘క్యాంపు’ అనే పేరే. కాలువ అందని చెక్కకు ఆయిల్ ఇంజినూ, దమ్ముకు ట్రాక్టరూ లేకుండా ఆ వరిసాగు లేదు. వాటితో పాటే లేత్ షాపులూ వచ్చాయి.

పిస్టను ఎంత వేగంగా పరిగెత్తుతుంది

ఇంజిను ఆయుష్షు గురించి అంచనా వేయడానికి ఇంజినీర్లు ముందుగా చూసేది పిస్టను సగటు వేగం. స్ట్రోకును రెండింతలు చేసి, నిమిషానికి తిరిగే చుట్లతో హెచ్చించి, అరవైతో భాగిస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది.

పాత తరం లిస్టరు ఇంజిను తీసుకుందాం. ఇంగ్లండులోని డర్స్‌లీలో పుట్టిన ఈ నమూనాకు గుజరాత్‌లోని రాజ్‌కోట్ వర్క్‌షాపులు దశాబ్దాల పాటు నకళ్లు పోశాయి. ఆరు హార్స్ పవర్ లిస్టరుకు స్ట్రోకు 139.7 మి.మీ., వేగం నిమిషానికి 650 చుట్లు. పిస్టను వేగం సెకనుకు 3 మీటర్లు. బావుల దగ్గర విరివిగా కనిపించిన అయిదు హార్స్ పవర్ కిర్లోస్కర్ ఏవీ-1కు స్ట్రోకు 110 మి.మీ., 1,500 చుట్లు. వేగం 5.5 మీటర్లు. మ్యాసీ 35లో వచ్చిన మూడు సిలిండర్ల పర్కిన్సుకు స్ట్రోకు 127 మి.మీ., 2,000 చుట్ల దగ్గర వేగం 8.5 మీటర్లు. 1932 ఫోర్డు వి-8 పూర్తి శక్తి ఇచ్చే 3,400 చుట్ల దగ్గర 10.8 మీటర్లు.

ప్రతి చుట్టులో పిస్టను రెండుసార్లు ఆగి, రెండుసార్లు దిశ మారుస్తుంది. అలా ఆపి మళ్లీ లాగడానికి కావలసిన బలం చుట్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఫోర్డు ఇంజినును 3,400 నుంచి 5,100 చుట్లకు తీసుకెళితే వేగం ఒకటిన్నర రెట్లే అవుతుంది, కనెక్టింగు రాడ్డు మీద పడే ఆ బలం మాత్రం రెండుంపావు రెట్లవుతుంది. హాట్ రాడ్డు కట్టేవాళ్లు రాడ్లను తూచి ఒకే బరువుకు తేవడం, బోల్టులు మార్చడం, క్రాంకును బ్యాలెన్సింగు చేయించడం అందుకే. నిదానంగా తిరిగే లిస్టరు ఇన్నేళ్లు నిలబడడానికీ కారణం అదే. దాన్ని కట్టిన చేతి పనిలో చిన్న లోపం ఉన్నా తక్కువ వేగం క్షమిస్తుంది. పరుగు బండి క్షమించదు. ట్రాక్టరు ఈ రెంటి నడుమ ఉంది. చుట్లు తక్కువే గాని, దమ్ము చక్రాలతో బురదలో గంటల తరబడి దాదాపు పూర్తి లోడు మీద నడుస్తుంది. కారు ఇంజినుకు అంత కష్టం ఎప్పుడో గాని పడదు.

అరుగుదల పైనే మొదలు

సిలిండరు గోడ అంతటా ఒకేలా అరగదు. పిస్టను నడుమ భాగంలో వేగంగా కదులుతున్నప్పుడు రింగుకీ గోడకీ మధ్య ఆయిలు సన్నని పొరగా ఇరుక్కుని రెండింటినీ వేరు చేస్తుంది. పైకి చేరి ఒక్క క్షణం ఆగినప్పుడు ఆ పొరను నిలబెట్టే కదలిక ఉండదు. సరిగ్గా అదే క్షణంలో మంట రాజుకుంటుంది. మండిన వాయువు పై రింగు వెనక్కి దూరి దాన్ని గోడకేసి నొక్కుతుంది. ఆయిలు వేడికి పలచబడుతుంది. ఇనుము ఇనుమును తాకుతుంది. అందుకే హెడ్డు విప్పి వేలితో తడిమితే బోరు పైఅంచుకు కాస్త కింద ఓ మెట్టు తగులుతుంది. రింగు చేరని పై భాగం కొత్తదానిలా ఉండిపోయి, దాని కింద గోడ తినేసి ఉంటుంది.

ఇంకో తేడా కూడా ఉంది. కనెక్టింగు రాడ్డు వాలుగా తోయడం వల్ల పిస్టను పక్కగోడల్లో రెండింటి మీదే ఎక్కువ ఒరుగుతుంది. గుండ్రని బోరు కాలం గడిచే కొద్దీ కోడిగుడ్డు వాటం తిరుగుతుంది. కాబట్టి బోరును డయల్ గేజితో పైన, నడుమ, కింద, ఒక్కో చోట క్రాంకు వెంబడి ఓసారి, అడ్డంగా ఓసారి కొలవాలి. సిలిండరుకు ఆరు కొలతలు. మూడు సిలిండర్లకు పద్దెనిమిది. వీటిలో హెచ్చుతగ్గు మాన్యువల్ చెప్పిన హద్దు దాటితే కొత్త రింగులు వేసి లాభం లేదు. రింగు గుండ్రంగా ఉంటుంది, బోరు గుండ్రంగా ఉండదు, సందుల్లోంచి వాయువు కిందికి జారుతూనే ఉంటుంది.

డీజిల్ ఇంజినుకు ఇది మరీ కష్టం. పెట్రోలు ఇంజిన్లో స్పార్కు ప్లగ్గు నిప్పు పెడుతుంది. డీజిల్లో నొక్కిన గాలి వేడే నిప్పు. ఏవీ-1లో గాలి పదహారున్నరో వంతుకు కుంచించుకుపోతుంది. వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. డీజిలు తనంతట తాను అంటుకోవడానికి అందులో సగం చాలు. రింగులు అరిగి గాలి జారిపోయినప్పుడు, చల్లని ఇనుము మిగతా వేడిని లాక్కున్నప్పుడు ఆ సగం కూడా అందదు. చలికాలం పొద్దున్నే తెల్లపొగ వస్తూ స్టార్టు కాకుండా మొరాయించే ఇంజిను చెప్పేది ఇదే. నీలిపొగ అంటే మండుతున్నది ఇంజిన్ ఆయిలు. నల్లపొగ అంటే డీజిలుకు తగ్గ గాలి అందడం లేదు, లేదా నాజిలు సరిగా చిమ్మడం లేదు.

రింగు సందు

పాత ఇంజిన్లు చావకుండా బతికిరావడానికి ఒక ముందుచూపు కారణం. వాటిని గీసిన ఇంజినీర్లు అరిగాక చెక్కడానికి లోహం మిగిల్చి ఉంచారు. బోరును 0.25 లేదా 0.50 మి.మీ. పెంచి ఆ మేరకు ఓవర్ సైజు పిస్టను వేయవచ్చు. స్లీవు ఉన్న ఇంజిన్లో అరిగిన స్లీవు తీసి కొత్తది దింపితే బోరు మళ్లీ స్టాండర్డుకు వస్తుంది. క్రాంకు జర్నల్సును (బేరింగుల్లో తిరిగే భాగాలను) అంతే మోతాదులో తగ్గించి, మందం పెంచిన బేరింగులు వేయవచ్చు. హాట్ రాడ్డు వాళ్లు ఈ మిగులు లోహాన్నే వేరేలా వాడుకున్నారు. 3.9 లీటర్ల మెర్క్యురీ వి-8 బోరును 85.7 మి.మీ.కు పెంచి, స్ట్రోకును 104.8 మి.మీ.కు సాగదీసి, అదే బ్లాకులోంచి 4.8 లీటర్లు రాబట్టారు.

అనుభవమున్న బోరింగు షాపు పిస్టను చేతికి రాకుండా బోరు కొట్టదు. డబ్బా మీద 0.50 అని రాసి ఉన్నా ఒక్కో పిస్టను మైక్రోమీటరుకు రవ్వంత తేడాగా తగులుతుంది. అల్యూమినియం పిస్టను పోత ఇనుము కంటే రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి వాటి మధ్య ఎంత వాసి (సందు) వదలాలో పిస్టనును కొలిచాకే తేలాలి. ఎక్కువైతే చల్లగా ఉన్నప్పుడు పిస్టను గోడల్ని కొట్టుకుంటుంది. తక్కువైతే మొదటి లోడులోనే పట్టేస్తుంది.

బోరింగు అయ్యాక హోనింగు. సానరాళ్లు తిరుగుతూ పైకీ కిందికీ కదిలి గోడ మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలు గీస్తాయి. ఆ గీతలు ఒకదాన్నొకటి 45 నుంచి 60 డిగ్రీల కోణంలో కోయాలి. చాళ్లలో నీరు నిలిచినట్టు వాటిలో ఆయిలు నిలుస్తుంది, వాటి శిఖరాల మీదే కొత్త రింగు రాసుకుని బోరుకు అలవాటు పడుతుంది. అద్దంలా మెరిసే బోరు చూడ్డానికి బాగుంటుంది గాని ఆయిలును పట్టి ఉంచదు. కొందరు హాట్ రాడ్డు నిపుణులు ఇంకో అడుగు వేశారు. హెడ్ బోల్టులు బిగించినప్పుడు బోరు కాస్త వంకర పోతుందని గమనించి, బ్లాకు మీద హెడ్డుకు బదులు మందపాటి ఇనుప పలకను అంతే బిగువుతో బిగించి, ఆ వంకరలోనే హోనింగు చేయడం మొదలుపెట్టారు. పని అయ్యాక హెడ్డు ఎక్కిస్తే బోరు గుండ్రంగా వస్తుంది.

హోనింగు తర్వాత డీజిలుతో తుడిచేస్తే సరిపోదు. గీతల్లో సానపొడి దాగి ఉంటుంది. వేడినీళ్లూ సబ్బూ పెట్టి బ్రష్షుతో రుద్ది, తెల్లబట్టకు ఆయిలు అద్ది తుడిచి, బట్ట తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ తుడవాలి. ఈ పని తొందరగా ముగిస్తే కొత్త రింగులు నెలల్లోనే పాతబడతాయి.

ఇప్పుడు రింగు. కొత్త రింగును బోరులో పెట్టి, పిస్టనును తలకిందులుగా పట్టి దాంతో రింగును ఓ అంగుళం కిందికి నెట్టాలి. అప్పుడది వాలకుండా సమంగా కూర్చుంటుంది. రెండు కొసల మధ్య సందులో ఫీలర్ గేజి రేకులు ఒక్కొక్కటే దూర్చి చూడాలి. 91.4 మి.మీ. బోరున్న పర్కిన్సులో ఆ సందు ఇంచుమించు 0.3 మి.మీ. ఉండాలి. ఎందుకంత? ఆ రింగు చుట్టుకొలత 287 మి.మీ. ఇంజిను వేడెక్కాక రింగు గోడ కంటే వంద డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందనుకుంటే దాని పొడవు 0.3 మి.మీ. దాకా పెరుగుతుంది. వదిలిన సందు అప్పటికి పూడిపోతుంది. సందు చాలకపోతే కొసలు ఢీకొని, రింగు బయటికి ఉబ్బి, గోడను గీరి విరిగిపోతుంది. చాలని సందును సన్నని ఆకురాయితో కొస అరగదీసి సరిచేస్తారు. ఎక్కువైన సందుకు మందు లేదు, రింగు మార్చాల్సిందే.

క్రాంకు దగ్గరా ఇదే లెక్క. జర్నలుకీ బేరింగుకీ మధ్య మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు వాసి ఉంటే చాలు. తిరిగే జర్నలు ఆయిలును ఆ సందులోకి లాక్కుని, దాని ఒత్తిడి మీదే తేలుతూ తిరుగుతుంది. వాసి పెరిగితే ఆయిలు పక్కలకు కారిపోయి, ప్రెషరు పడిపోయి, ఇంజిను అడుగు నుంచి టకటక చప్పుడు మొదలవుతుంది. గ్రైండింగులో ఒక చోటు మీద ప్రత్యేకంగా కన్ను వేయాలి. జర్నలు పక్కగోడను కలిసే మూల వంపుగా ఉండాలి. గ్రైండింగు రాయి దాన్ని నిటారు మూలగా కోసేస్తే ఒత్తిడంతా అక్కడే పోగుపడి, కొన్నాళ్లకు క్రాంకు అక్కడే విరుగుతుంది. క్రాంకును వేలాడదీసి చిన్న సుత్తితో తడితే గంటలా మోగడం మంచి గుర్తు, మొద్దు చప్పుడు రావడం బీటకు గుర్తు. కంటికి కనపడని బీటలను అయస్కాంతం, ఇనుపపొడి బయటపెడతాయి.

ఫోర్డు వి-8 లోపాలు నేర్పిన పాఠం

హాట్ రాడ్డు వాళ్లు ప్రాణం పెట్టిన ఫోర్డు వి-8లో పెద్ద లోపాలే ఉన్నాయి. వాల్వులు హెడ్డులో కాక బ్లాకులో, సిలిండరు పక్కన ఉండేవి. గాలి వంపులు తిరిగి లోపలికి రావాలి. కాలిన వాయువు బయటికి పోయే దారులు బ్లాకు లోపల, నీటి గదుల మధ్య నుంచి వెళ్లేవి. దాంతో ఇంజిను ఊరికే వేడెక్కేది, వాల్వు సీటు నుంచి బోరు దాకా బ్లాకు బీటలు వారేది. కుర్రాళ్లు ఆ దారులను చేత్తో అరగదీసి వెడల్పు చేశారు, కార్బురేటర్లు రెండూ మూడూ పెట్టారు. విక్ ఎడెల్‌బ్రాక్ లాంటివారు అల్యూమినియం హెడ్లు, మ్యానిఫోల్డులు పోసి అమ్మారు. స్టూవర్ట్ హిల్‌బార్న్ సొంతంగా ఇంధన ఇంజెక్షను అమర్చి, 1948లో ఎండు చెరువు మీద గంటకు 150 మైళ్లు, అంటే 241 కిలోమీటర్లు దాటించాడు. జోరా ఆర్కస్-డంటోవ్ సోదరులు 1947లో వాల్వులను పైకి తెచ్చే ఆర్డన్ హెడ్డు చేశారు.

ఆ డంటోవే 1953లో జనరల్ మోటార్స్‌లో చేరి, హాట్ రాడ్డు కుర్రాళ్లను షెవర్లే వైపు తిప్పుకోవాలంటూ పెద్దలకు లేఖ రాశాడు. 1955లో షెవర్లే 4.3 లీటర్ల కొత్త వి-8 తెచ్చింది. వాల్వులు హెడ్డులోనే ఉన్నాయి, మొదటి రూపంలోనే 162 హార్స్ పవర్. ఫోర్డు పాత ఇంజినుకు ఇరవై ఏళ్లుగా చేస్తూ వచ్చిన మరమ్మతుల సారమంతా అందులో ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. హాట్ రాడ్లలో కొద్ది కాలంలోనే దానిదే రాజ్యమైంది.

దుమ్ము, నీళ్లు, డీజిలు

కట్టిన ఇంజినును కాపాడుకోవడం అంతకంటే పెద్ద పని. రెండున్నర లీటర్ల ట్రాక్టరు ఇంజిను 2,000 చుట్ల దగ్గర గంటకు లక్షన్నర లీటర్ల గాలి పీలుస్తుంది. నూర్పిడి కళ్లంలో, కాలువగట్టు మట్టిరోడ్డు మీద ఆ గాలిలో ఇసుకరేణువు ఉంటుంది. అది పోత ఇనుము కంటే గట్టిది. ఆయిల్ బాత్ ఫిల్టరు కింది గిన్నెలో బురద పేరుకుందంటే అది తన పని చేసినట్టే, ఇక కడిగి కొత్త ఆయిలు పోయాలి. ఫిల్టరు నుంచి ఇంజినుకు వెళ్లే రబ్బరు గొట్టం పగిలితే మాత్రం ఫిల్టరు ఎంత శుభ్రంగా ఉన్నా ఫలితం లేదు. ఒక్క కోత సీజను అలా నడిపితే కొత్త బోరు పాతదవుతుంది.

రేడియేటరులో బోరుబావి నీళ్లు పోసే అలవాటు ఇంకో శత్రువు. ఉప్పునీళ్లలోని సున్నం స్లీవు వెనక పేరుకుంటుంది. ఆ పొర ఇనుము కంటే ఎన్నో రెట్లు తక్కువగా వేడిని దాటనిస్తుంది. నీటి వేడి చూపే ముల్లు మామూలుగానే ఉన్నా లోపల గోడ మండిపోతుంటుంది. నీళ్లు నేరుగా తగిలే స్లీవులకు మరో జబ్బు ఉంది. పిస్టను తాకిడికి స్లీవు అదిరి, దాని వెనక నీటిలో బుడగలు పుట్టి పగులుతాయి. ఆ పగుళ్ల దెబ్బకు స్లీవు బయటివైపు సూది గుంటలు పడి చివరికి చిల్లులు పడతాయి. కూలెంటు కలిపిన శుభ్రమైన నీరు ఈ రెండు జబ్బులకూ విరుగుడు.

డీజిలు పంపు సంగతి మరీ సున్నితం. అయిదు హార్స్ పవర్ ఇంజిను పూర్తి లోడు మీద గంటకు దాదాపు లీటరు డీజిలు తాగుతుంది. 1,500 చుట్ల దగ్గర ఆ లీటరును 45,000 సార్లుగా పంచి, సుమారు 200 వాతావరణాల ఒత్తిడితో చిమ్మాలి. పంపులోని ప్లంజరుకీ బ్యారెలుకీ మధ్య సందు మూడు మైక్రాన్లకు మించదు. తలవెంట్రుక మందం డెబ్బై మైక్రాన్లు. డ్రమ్ములోంచి గుడ్డ కూడా పెట్టకుండా పోసిన డీజిలులో వచ్చే నలుసు అక్కడ ఏం చేస్తుందో ఊహించవచ్చు. మన దేశంలో ఈ పంపులను బాష్ పరిజ్ఞానంతో తయారు చేయడానికి 1951లో మైకో కంపెనీ పుట్టింది, బెంగళూరు ఆడుగోడిలో దాని ఫ్యాక్టరీ వచ్చింది. పంపునూ నాజిళ్లనూ బెంచి మీద పెట్టి పరీక్షించే షాపులోనే విప్పాలి గాని పొలంగట్టు మీద కాదు.

కొత్తగా కట్టిన ఇంజినును నడపడంలో ఒక పొరపాటు ఎక్కువ కనిపిస్తుంది. జాగ్రత్త పేరుతో రోజంతా ఐడిలింగులో ఉంచుతారు. అలా చేస్తే రింగుల వెనక ఒత్తిడి చాలక అవి బోరుకు కూర్చోవు, గోడ మీద ఆయిలు మాడి గాజులా గట్టిపడుతుంది. మొదటి గంటల్లో మధ్యరకం లోడు మీద, చుట్లు మారుస్తూ నడపాలి. కొద్ది గంటలకే మొదటి ఆయిలు దించేయాలి. తర్వాత ఆయిలు నల్లబడితే గాబరా అక్కర్లేదు, మసిని తనలో కలుపుకుని మోయడం డీజిల్ ఆయిలు చేయాల్సిన పనే. గంటల మీటరు ప్రకారం మార్చుకుంటూ పోవాలి.

ఎవరు నేర్పుతారు

ఈ పనికి చదువు లేదనుకోవడం తప్పు. ఐటీఐల్లో మెకానిక్ డీజిల్, మెకానిక్ ట్రాక్టర్ కోర్సులున్నాయి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వం 1983 నుంచి నడుపుతున్న వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ ఇంజినీరింగు కళాశాల ఉంది. షెడ్డులో గురువు దగ్గర చేయి తిరిగిన కుర్రాడికి డయల్ గేజి, టార్క్ రెంచి, ఫీలర్ గేజి ఇచ్చి వాటి లెక్క నేర్పితే చాలు, అతను కట్టిన ఇంజిను ఏ ఫ్యాక్టరీ ఇంజినుకూ తీసిపోదు. చెవితో బేరింగు చప్పుడు పోల్చగలిగే నేర్పు అతనికి ముందే ఉంది. దానికి అంకె తోడవ్వాలి.

2023 జనవరి 1 నుంచి 50 హార్స్ పవర్ మించిన కొత్త ట్రాక్టర్లకు కఠినమైన ఉద్గార నిబంధనలు వచ్చాయి. కామన్ రైలు అనే డీజిలు ఇంజెక్షను పద్ధతి, సెన్సార్లు, కంప్యూటరు వాటితో వచ్చాయి. వాటి జబ్బును స్కానరు చెబుతుంది. ఆ లోపల పిస్టను, రింగు, బోరు, బేరింగు మాత్రం అవే భౌతికశాస్త్రానికి లోబడి అరుగుతాయి. ఆయకట్టులో ఇంకా తిరుగుతున్న పాత మ్యాసీలకూ మహీంద్రాలకూ హెచ్ఎంటీలకూ స్కానరుతో పనే లేదు.

ఇంజిను పని చేయించే రైతు షెడ్డులో అడగాల్సినవి నాలుగు ఉన్నాయి. విప్పినప్పుడు ఒక్కో బోరు కొలత ఎంత వచ్చింది? ఏ సైజు పిస్టను వేశారు? రింగు సందు ఎంత వదిలారు? క్రాంకు జర్నల్సు ఎంతకు దించారు? ఈ నాలుగు అంకెలూ తేదీతో, గంటల మీటరు రీడింగుతో ఒక నోటుబుక్కులో రాయించుకుని ట్రాక్టరు కాగితాలతో పాటు దాచుకోవాలి. అయిదారేళ్ల తర్వాత ఇంకో మెకానిక్కు అదే ఇంజిను విప్పినప్పుడు ఇంకా ఎంత లోహం మిగిలి ఉందో, మరోసారి బోరింగుకు తావుందో, స్లీవుకు వెళ్లాలో ఆ పేజీ చూస్తే తెలిసిపోతుంది.